ఆ పదకొండు సెకన్లు

పన్నెండు కావస్తోంది. ఈయనది ఈ వారమంతా నైట్ షిఫ్టే. చిన్నది ఇప్పుడే పడుకుంది. నాకేమో కన్ను మూస్తే ఆ పదకొండు సెకన్లే కనిపిస్తున్నాయి.

చీరల షాపు ఇన్‌స్టాగ్రామ్ పేజీ కోసం పోయిన వారం పోచంపల్లి వెళ్ళి తీసిన వీడియో అది. ఒక పెద్దావిడ ఆసు పోస్తోంది, అంటే నేతకు ముందు దారం చుట్టి సిద్ధం చేస్తోంది. అర్ధచంద్రంలా బిగించిన మేకుల చుట్టూ దారం పట్టుకున్న చెయ్యి పోతోంది, వస్తోంది. ఒక్క చీరకు వేలసార్లు అలా తిప్పాలి. అమ్మ భుజం నొప్పి చూడలేకే కదా చింతకింది మల్లేశం గారు 1999లో ఆసు యంత్రం తయారుచేసింది! ఈవిడ ఇంకా చేత్తోనే పోస్తోంది. గాజుల చప్పుడు తప్ప వేరే శబ్దం లేదు. ముందు అది పెట్టి, తర్వాత చీర చూపించాను.

సాయంత్రం చూస్తే ఆ ముక్క లేదు! షాపు వాళ్ళబ్బాయి కత్తిరించేసి, ఏదో డప్పుల పాట తగిలించి పెట్టేశాడు. ఫోన్ చేస్తే, "అక్కా, మూడు సెకన్లలో చీర కనబడాలి. లేకపోతే జనం పైకి తోసేస్తారు" అన్నాడు.

నాకు తెలియదా? ఒకప్పుడు ఫేస్‌బుక్‌లో నలభై ఫోటోల ఆల్బమ్ పెడితే ఒక్కోదాని కింద రేటు అడిగేవాళ్ళు. 2018లో ఫేస్‌బుక్ వాళ్ళు స్నేహితుల పోస్టులకే పెద్దపీట వేశాక మా పేజీ ఎవరికీ కనబడకుండా పోయింది. 2020 జూన్‌లో టిక్‌టాక్ ఆగిపోయింది, జులైలో ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ వచ్చాయి. అప్పుడు పదిహేను సెకన్లే, తర్వాత మూడు నిమిషాల దాకా పెంచారు. ప్రతిసారీ కొత్తగా నేర్చుకున్నాను. ఒక్కమాట అడిగి తీసేస్తే ఏం పోయేది?

అన్నం తింటుంటే పెదనాన్న కొట్టు గుర్తొచ్చింది. కొత్తపేటలో, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చునేవాడు. నేను పక్కనే మడతలు పట్టుకునేదాన్ని. ఆడవాళ్ళు ఇంకా సర్దుకుని కూర్చోకముందే కొంగు విప్పి విసిరేవాడు, దుప్పటంతా రంగు పరుచుకునేది. వాళ్ళ మొహం చూసేవాడు కాదు, వేళ్ళు చూసేవాడు. ఏ అంచును రెండుసార్లు తడిమారో ఆ చీరను మెల్లగా తన మోకాలి కిందికి లాక్కునేవాడు. మిగతావన్నీ వద్దన్నాక అది తీసి, అప్పుడు చెప్పేవాడు, ఎవరు నేశారో, ఎన్ని రోజులు పట్టిందో.

అప్పుడే చెప్పేవాడు. ముందు ఎప్పుడూ చెప్పలేదు.

అంటే కొంగు ముందు రావాలన్న వరకు పిల్లాడిదే రైటు. చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చుండిపోయాను కాసేపు.

కానీ పూర్తిగా తీసేయడం మాత్రం తప్పే. ఇప్పుడే లెక్కలు చూశాను. వాడి రీలుకు వ్యూస్ నావాటికి రెండింతలున్నాయి, ఇంకొకరికి పంపినవాళ్ళు ముగ్గురే. కొత్తవాళ్ళ దాకా చేరాలంటే ఆ పంపడమే ముఖ్యమని ఇన్‌స్టాగ్రామ్ అధిపతి మొస్సెరీయే చెప్పాడు కదా. అంచును రెండుసార్లు తడమడం అంటే అదే. పోయిన నెల నా రంగుల అద్దకం వీడియో చూసింది తక్కువమందే, కానీ అక్కలకీ వదినలకీ పంపుకున్నారు, వాట్సాప్‌లో చీరలడిగారు.

రేపు మళ్ళీ కూర్చుతాను. ముందు కొంగు, వెంటనే ఆసు, గాజుల చప్పుడుతో సహా. పాట ఒప్పుకోను.

ఆ కొంగు పెదనాన్నే విసిరితే బాగుండు. పొద్దున్నే వనస్థలిపురం ఫోన్ చేసి ఆయన భుజం ఎలా ఉందో పెద్దమ్మనే అడగాలి. ఆయన్నడిగితే నొప్పి లేదనే అంటాడు.