అమ్మాయి సంతకం కూడా కావాలన్నారు

మాది మదనపల్లె. బెంగళూరు రామమూర్తి నగర్‌లో కాపురం పెట్టి చాలా ఏళ్లయింది. మా అమ్మాయి పీయూసీలో (మన ఇంటర్ లాంటిది) చేరాక నిద్ర పట్టేది కాదు, తిండి సహించేది కాదు, పుస్తకం తెరిస్తే ఏడుపు. ఎగ్జామ్ టెన్షన్‌లే అన్నారు అందరూ. కాలేజీ కౌన్సిలర్ దగ్గరికి పంపాం. అక్కడ చెప్పుకున్న మాటలు నాలుగు రోజుల్లో స్టాఫ్‌రూమ్ అంతా పాకాయి. ఇక ఎవరి దగ్గరా నోరు విప్పనని భీష్మించుకు కూర్చుంది.

తర్వాత చూపించిన డాక్టరుగారు ఒక స్టడీ గురించి చెప్పారు. టీనేజీ పిల్లల డిప్రెషన్‌కి మాటలతో చేసే థెరపీ ఎంతవరకు పనికొస్తుందో చూస్తున్నారట. ఫీజు లేదు. ఆ మాటకే నేను సగం ఒప్పుకున్నాను. బయట వారం వారం సెషన్లకి డబ్బు కట్టే స్తోమత మాకు లేదు.

మొదటిసారి వెళ్తే పొద్దంతా కాగితాలతోనే సరిపోయింది. నాకు కన్నడం మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అక్కడి కోఆర్డినేటరమ్మది హిందూపురం. తెలుగు కాపీ తీసి, పక్కన కూర్చుని పేరా పేరా చదివి వినిపించింది. నేను పెన్ను తీయబోతే, "ఆగండమ్మా, పాపది వేరే ఫారం ఉంది" అంది. పద్దెనిమిది నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఒక్కటే చాలదట. వైద్య పరిశోధనలు చూసే కేంద్ర సంస్థ ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పన్నెండేళ్లు దాటిన పిల్లల అంగీకారం కూడా రాతలో తీసుకోవాలట. మేం ఒప్పుకున్నా పిల్ల వద్దంటే అక్కడితో సరి. చేరాక మధ్యలో మానేసినా కారణం అడగరు, మామూలు వైద్యం ఆగదు.

మా అమ్మాయి అడిగింది ఒక్కటే. "నేను చెప్పేవి అమ్మకి చెప్తారా?" ప్రాణానికి ముప్పుందనిపిస్తే తప్ప చెప్పమన్నారు. ఆ 'తప్ప' గురించి చాలాసేపు తరచి తరచి అడిగింది. నాకు చివుక్కుమంది, కానీ కాలేజీలో జరిగింది చూశాక దాన్నేమనగలను? సెషన్లు రికార్డు చేసుకోవడానికి విడిగా ఒక గడి ఉంటే, దానికి 'వద్దు' అని టిక్కు పెట్టి మిగతాదానికి సంతకం చేసింది.

ఆ తర్వాత పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, దిగులు ఎలా ఉన్నాయో ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా వేయాలి. చివరిది చచ్చిపోతే బాగుండుననే ఆలోచనల గురించి. దానికి సున్నా కాక ఇంకేది వేసినా అప్పటికప్పుడే సైకియాట్రిస్టు చూస్తారని ముందే చెప్పారు. నన్ను బయట కూర్చోబెట్టారు. ఆ కాసేపూ ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నా.

స్టడీలో చేరిన పిల్లల్ని రెండు గ్రూపులు చేస్తారట, ఒకదానికి వెంటనే థెరపీ, ఇంకోదానికి ఆలస్యంగా. ఏ గ్రూపులో పడేదీ చీటీలు తీసినట్టు కంప్యూటరే తేలుస్తుందట. మాకు వెంటనే థెరపీ లేని గ్రూపు వచ్చింది. డాక్టరు చూస్తారు, ఫోన్‌లో కనుక్కుంటారు, థెరపీ మాత్రం కొన్ని నెలల తర్వాత. మా ఆయన మండిపడ్డారు: "మన పిల్లేమన్నా ప్రయోగాల ఎలకా?" కోఆర్డినేటరమ్మ ఓపిగ్గా చెప్పింది. పరీక్షలైపోతే కొందరు పిల్లలు వాళ్లంతట వాళ్లే తేరుకుంటారు, పోల్చడానికి ఇంకో గుంపు లేకపోతే ఆ మేలు థెరపీ వల్లో, రోజులు గడవడం వల్లో ఎలా తెలుస్తుందని. థెరపీల మీద స్టడీలు ఎక్కువగా బయటి దేశాల్లో జరిగినవే, మన పిల్లల సంగతి మన దగ్గరే చూడాలి కదా అంది. 2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో దాదాపు 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలిందట. ఆయన మెత్తబడ్డారు గానీ, నాకైతే ఆ ఎదురుచూపు నరకమే. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 చేతికిచ్చి పంపారు. ఒక రాత్రి నేనే ఫోన్ చేశా. తెలుగులోనే మాట్లాడారు.

మా వంతు వచ్చాక చూస్తే థెరపీ నేననుకున్నట్టు పడుకోబెట్టి చిన్ననాటి సంగతులు తవ్వడం కాదు. సగం హోంవర్కే. రోజూ ఏ పని చేసింది, అప్పుడు మనసెలా ఉంది అని గంటల లెక్కన రాయాలి. మానేసిన పనుల్లో చిన్నది ఒకటి మళ్లీ మొదలెట్టాలి. మాదానికి అది మిద్దె మీద షటిల్. మొదట్లో నన్ను తిట్టుకుంటూనే మెట్లెక్కేది. ఇప్పుడు నిద్ర కుదుటపడింది. లెక్కల పేపరంటే మాత్రం ఇంకా వణుకే. స్టడీ ఫలితాలు ఇంకా రాలేదు. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు ఈ రోజుకీ తెలీదు.

ఈలోగా దానికి పద్దెనిమిది నిండాయి. మేజరు కాబట్టి మళ్లీ కొత్త సమ్మతి పత్రం, ఈసారి దాని సంతకం ఒక్కటే. ఫాలో-అప్‌కి తోడు వస్తానంటే, "నువ్వెందుకమ్మా, ఎండలో" అని బస్సెక్కి వెళ్లిపోయింది.