కాటన్‌లో పత్తి లేదు

ధవళేశ్వరం ఆనకట్ట చూసినవాళ్లెవరికైనా కాటన్ దొర పేరు వింటే ముందు పత్తే గుర్తొస్తుంది. ఆ ఇంటిపేరు పుట్టుక వెతకడానికి కూర్చున్నప్పుడు నేనూ అలాగే అనుకున్నాను: తాతముత్తాతల్లో ఎవరో పత్తి బేరం చేసుంటారని. కాదు. పత్తికి ఇంగ్లీషులో ఉన్న మాట అరబ్బీలో పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరింది. ఇంటిపేరు మాత్రం పాత ఇంగ్లీషులో గుడిసెకున్న ‘కాట్’ అనే మాట నుంచి వచ్చింది. ‘కాటుమ్’ అంటే ‘గుడిసెల దగ్గర’. వేరువేరు చోట్ల పుట్టిన రెండు మాటలు చివరికి ఒకే స్పెల్లింగులోకి వచ్చి పడ్డాయి, అంతే.

తెలుగువాళ్లకి ఈ సంగతి తేలిగ్గా బోధపడుతుంది. ఊరు కందుకూరు, ఇంటిపేరు కందుకూరి. వేటూరు నుంచి వేటూరి. ‘ఊరు’ కాస్తా ‘ఊరి’ అయి, ఆ రూపంలోనే పేరుకుపోయింది. ‘కాటుమ్’ చివరనున్న ‘ఉమ్’ కూడా అలాంటి విభక్తి ప్రత్యయమే. తరవాతి కాలంలో ఇంగ్లీషు తన విభక్తుల్లో చాలావాటిని వదిలేసింది కానీ, ఊళ్ల పేర్లలో వాటి ముక్కలు అలాగే ఉండిపోయాయి.

అయితే గుడిసెలు ఒక్క ఊళ్లోనే ఉండవు కదా. స్టాఫర్డ్‌షైర్‌లో ఒక కాటన్, కేంబ్రిడ్జ్ పక్కన కోటన్, నాటింగమ్‌షైర్‌లో కాటమ్. ఊరు విడిచి వచ్చినవాణ్ని కొత్త చోట పాత ఊరి పేరుతో పిలిచేవారు. 1066లో నార్మన్లు వచ్చాక భూస్వాముల్లో, ఆ తరవాత మెల్లగా మామూలు జనంలో ఆ పిలుపే తండ్రి నుంచి కొడుక్కి దిగడం మొదలైంది. కాబట్టి కాటన్లందరికీ మూలపురుషుడు ఒక్కడే అనుకుంటే మొదటి అడుగే తప్పు. పాత రాతప్రతులు పోగుచేసిన సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) హంటింగ్డన్‌షైర్‌వాడు. ప్యూరిటన్ మతబోధకుడు జాన్ కాటన్ 1585లో డార్బీలో పుట్టాడు. మన కాటన్ దొర, అంటే ఆర్థర్ కాటన్‌ది చెషైర్‌లోని కూంబర్‌మియర్ శాఖ. కూంబర్‌మియర్ మొదట 1133 నాటి మఠం. ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించినప్పుడు జార్జ్ కాటన్ అనే ఆస్థాన ఉద్యోగి చేతికి వచ్చింది. వీళ్లు ఒకరికొకరు చుట్టాలని కాగితం చూపించేదాకా చుట్టాలు కారు.

దొరల వంశావళి పుస్తకాల్లో అచ్చయి ఉంటుంది కాబట్టి అందులో పెద్ద పని లేదు. నూరేళ్ల కిందట మాంచెస్టర్లోనో లండన్లోనో కూలిపని చేసుకున్న ఒక మామూలు కాటన్ మూలాలు పట్టుకోవాలంటేనే కష్టం. ఆ పని చివరి నుంచి మొదలుపెట్టాలి. తెలిసిన మనిషితో మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లాలి. పేరున్న కాటన్ ఎవరినో పట్టుకుని అతని దగ్గర నుంచి కిందికి దిగుతూ వస్తే, మనకు కావలసిన చోటికే తేలతాం, నిజమున్న చోటికి కాదు.

ఇంగ్లండు, వేల్స్‌లలో జనన మరణాలను, పెళ్లిళ్లను ప్రభుత్వం నమోదు చేయడం 1837 జులై 1న మొదలైంది. సూచిక మూడేసి నెలలకొకటి. అందులో ఉండేది నమోదైన తేదీని బట్టి, పుట్టిన తేదీని బట్టి కాదు. నమోదుకి 42 రోజుల గడువు ఉండేది కాబట్టి మార్చి నెలాఖరున పుట్టిన బిడ్డ జూన్ త్రైమాసికంలో కనిపించవచ్చు. 1875కి ముందు నమోదు చేయించకపోయినా జరిమానా లేదు, అందుకే కొన్ని జననాలు అసలు ఎక్కనే లేదు. పాత అచ్చు సూచికల్లో 1911 వరకు తల్లి పుట్టింటి పేరు ఉండదు. రిజిస్టర్ కార్యాలయం ఆన్‌లైన్లో పెట్టిన కొత్త సూచికలో మొదటి నుంచీ ఉంది. నన్ను ఎక్కువసార్లు గట్టెక్కించింది అదే. ఒకే ఊళ్లో ఇద్దరు విలియం కాటన్లు దొరికితే, డబ్బు పెట్టి సర్టిఫికెట్ తెప్పించేముందే తల్లి పుట్టింటి పేరును బట్టి ఒకణ్ని పక్కన పెట్టేయవచ్చు.

ఆ తరవాత జనాభా లెక్కలు. పదేళ్లకోసారి తీస్తారు, నూరేళ్లు దాటితేనే బయటపెడతారు. 1921వి 2022లో వచ్చాయి. 1931వి 1942లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. యుద్ధం వల్ల 1941లో లెక్కలే తీయలేదు. ఈ ఖాళీని కొంతవరకైనా పూడ్చేది 1939 సెప్టెంబరు 29న దేశమంతా జనం వివరాలు రాసుకున్న రిజిస్టర్ ఒక్కటే. 1841 లెక్కలు చూస్తే జాగ్రత్త. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును కిందనున్న అయిదుకి దించి రాయమన్నారు, 38 ఏళ్లవాడు అక్కడ 35. పుట్టిన ఊరి పేరు కూడా ఉండదు, ఇదే కౌంటీలో పుట్టాడా లేదా అన్నంత వరకే. అందుకే వలస దారి పట్టడానికి అసలైన కాగితం 1851ది. అందులో పుట్టిన ఊరు, ఇంటి యజమానితో చుట్టరికం రెండూ ఉంటాయి. పిల్లల పుట్టిన ఊళ్లను వరసగా చదివితే ఆ కుటుంబం ఏయే ఊళ్లు తిరిగిందో తెలిసిపోతుంది. పెద్దవాడు స్టాఫర్డ్‌షైర్ పల్లెలో, రెండోవాడు మాంచెస్టర్లో పుడితే, పల్లె విడిచింది ఆ ఇద్దరి పుట్టుకల మధ్యనే.

ఈ పేరు మొత్తంగా ఎక్కడ ఒత్తుగా ఉందో చూడటానికి 1881 లెక్కలు బాగా పనికొస్తాయి. ఆ లెక్కలు పూర్తిగా ఎక్కించి ఉచితంగా పెట్టారు. కౌంటీల వారీగా సంఖ్యలు తీసి, ప్రతి కౌంటీ మొత్తం జనాభాతో భాగించి పటం మీద వేయాలి. భాగించకపోతే ప్రతి ఇంటిపేరూ లండన్లోనే పుట్టినట్టు కనిపిస్తుంది.

1837కి వెనక్కి వెళ్తే ఇక చర్చి రిజిస్టర్లే దిక్కు. ఎనిమిదో హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో 1538లో మొదలయ్యాయి. వాటిలో ఎక్కువ ఊళ్లకి మొదటి పుస్తకాలు మిగల్లేదు. 1598 నుంచి ఏటా ఒక నకలు బిషప్ కార్యాలయానికి పంపేవారు కాబట్టి అసలు చెదలు పడితే ఆ నకలు వెతకాలి. 1640ల అంతర్యుద్ధం నుంచి 1660 వరకు చాలా పారిష్‌లలో (ఒక్కో చర్చి పరిధిలోని ఊళ్లలో) ఖాళీలు. 1733 వరకు కొన్నిచోట్ల లాటిన్లోనే రాశారు. అక్కడ ‘జాకబస్’ అని ఉంటే అతను ఇంట్లో జేమ్స్ కావచ్చు.

అందరూ బోర్లా పడేది తేదీల దగ్గర. 1752కి ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. తల్లిదండ్రుల పెళ్లి 1735 జూన్‌లో, బిడ్డ బాప్తిస్మం 1735 ఫిబ్రవరిలో అని ఉంటే అది పెళ్లికి ముందు పుట్టిన బిడ్డ అని కంగారు పడొద్దు. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1736, పెళ్లయిన ఎనిమిది నెలలకి. రాసుకునేటప్పుడు 1735/6 అని రెండూ వేసుకుంటే తరవాత తికమక ఉండదు.

స్పెల్లింగు మీద పట్టుదల పెట్టుకోకూడదు. రాసినవాడు గుమాస్తా, చెప్పినవాడు నిరక్షరాస్యుడు. ఒకే మనిషి కోటన్, కాటెన్, కాటిన్ అని మూడు రకాలుగా ఎక్కుతాడు. వెతికేటప్పుడు సి, నక్షత్రం గుర్తు (మధ్యలో ఏ అక్షరాలున్నా సరే అని), టి, నక్షత్రం గుర్తు, ఎన్ అని కొడితే ఇవన్నీ వస్తాయి, కాటమ్ రాదు. దాన్ని విడిగా వెతకాలి. పదహారు, పదిహేడో శతాబ్దాల చేతిరాతలో ‘సి’ అక్షరం ఇప్పటి చిన్న ‘ఆర్’లా ఉంటుంది. సూచిక తయారుచేసినవాళ్లు ‘రాటన్’ అని చదివే ప్రమాదం ఉంది. అందుకే సూచికను నమ్మి ఊరుకోకుండా అసలు పేజీ బొమ్మ తెరిచి, అదే చేతిరాతలో ఇంకో ‘సి’ ఎలా ఉందో పోల్చి చూడాలి. వీలునామా దొరికితే అదృష్టం. 1858కి ముందు కాంటర్‌బరీ చర్చి న్యాయస్థానంలో రుజువైన వీలునామాలు లండన్ జాతీయ దస్తావేజుల భాండాగారంలో ఉన్నాయి. చర్చి రిజిస్టర్లో విడివిడిగా పడున్న అన్నదమ్ములు, అల్లుళ్లు, మేనకోడళ్లు వీలునామాలో ఒకచోట చేరతారు.

సముద్రం దాటాక పేరు వెంట నడవడం వేరే పని. జాన్ కాటన్ 1633లో మసాచుసెట్స్‌లోని బోస్టన్ చేరాడు. కూతురి కొడుక్కి కాటన్ మాథర్ అని పేరు పెట్టారు. అంటే అక్కడ ఇంటిపేరు కాస్తా సొంతపేరయింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కాటన్ ఇంటిపేరున్న నల్లవారి వంశాలు ఇంగ్లండుకి తీసుకెళ్లకపోవచ్చు. అక్కడ యజమాని ఇంటిపేరు బానిసలకు అంటుకోవడం మామూలే. స్వేచ్ఛ పొందినవాళ్లందరూ పేర్లతో సహా జనాభా లెక్కలకెక్కింది 1870లో. 1850, 1860 నాటి బానిసల జాబితాల్లో యజమాని పేరుంటుంది, వీళ్లది దాదాపు ఎక్కడా ఉండదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాల నకళ్లు లండన్‌కి పంపేవారు. బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు దస్తావేజుల్లో అవి ‘ఎన్/2’ వరుస కింద ఉన్నాయి. బెంగాల్ ‘ఎన్/1’, బొంబాయి ‘ఎన్/3’. మచిలీపట్నం, విశాఖపట్నం, రాజమండ్రి తెల్లవాళ్ల కోసం వెతికేవాళ్లు ‘ఎన్/2’తో మొదలుపెట్టాలి. ఆర్థర్ కాటన్ ఆడిస్కంబ్ సైనిక పాఠశాలలో చదివి 1819లో మద్రాస్ ఇంజనీర్లలో చేరాడు. ఇలాంటి అధికారుల చదువు, నియామకం కాగితాలు కంపెనీ సైనిక దస్తావేజుల్లో విడిగా దొరుకుతాయి.

ఆడపిల్లల దగ్గరే దారం తెగేది. ఆర్థర్ కాటన్ కూతురు ఎలిజబెత్ 1842లో టాస్మేనియాలో పుట్టింది. 1877లో అడ్మిరల్ హోప్‌ని, ఆయన పోయాక 1893లో డెన్నీ అనే వ్యాపారిని చేసుకుంది. రెండో పెళ్లి తరవాత కూడా లేడీ హోప్ అనే చెప్పుకునేది. 1922లో సిడ్నీలో పోయింది. ఒక్క మనిషికే మూడు ఇంటిపేర్లు, కనీసం మూడు దేశాల రికార్డులు. కాటన్ అన్న ఒక్క మాటే కొట్టి వెతికితే ఆమె కథ 1877తో ఆగిపోతుంది.