నల్లగొండ దుమ్ములో వెండి రంగు మిగ్

నేను కట్టబోయే మిగ్-21 యుద్ధవిమానం ప్లాస్టిక్ మోడల్‌కి వెండి రంగే వేస్తానని చెప్పిన రోజు చిన్నాయన అట్టపెట్టె మీది బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, "మెరిసేటి రంగు అంటున్నవు బిడ్డా, మనింట్ల దుమ్ము సంగతి ఏంది మరి?" అన్నాడు. ఆ ప్రశ్న ఎంత పెద్దదో నాకు నెల తర్వాత గానీ తెలియలేదు. మా ఇల్లు నల్లగొండలో రోడ్డు పక్కనే, టిప్పర్లు తిరుగుతూనే ఉంటాయి. మే నెలలో పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు, కిటికీలు మూసి ఉన్నా సరే.

చిన్నాయన ఎయిర్‌ఫోర్స్ గ్రౌండ్ క్రూలో చేసి రిటైర్ అయ్యాడు. వయసులో ఉన్నన్నాళ్ళూ మిగ్‌ల కిందే పని. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్తుంటే టీవీ ముందు కూర్చున్నాడు, అన్నం కంచం పక్కకు జరిపేశాడు, అయిపోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. 1963లో వచ్చి 62 ఏళ్ళు మన దగ్గర ఎగిరిన విమానం. ఆ రాత్రే నేను కిట్, అంటే అతికించి కట్టుకునే ముక్కల పెట్టె, ఆర్డర్ పెట్టాను. మొదలుపెట్టడం మాత్రం ఎండాకాలం సెలవుల్లోనే కుదిరింది.

నేను కట్టింది 1/72 సైజు, అంటే అసలు దానిలో 72వ వంతు, మిగ్-21లోనే ఎఫ్ఎల్ అనే రకం. ఈ లెక్కలో ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం ఉంటాడు. అసలు విమానం రెక్కల ఈ చివరి నుంచి ఆ చివరికి 7.15 మీటర్లు, నా బల్ల మీద అది పది సెంటీమీటర్లకు రవ్వంత తక్కువ. ఎఫ్ఎల్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే 1971 యుద్ధంలో మన దగ్గర ఎక్కువగా ఉన్న మిగ్‌లు అవే. డిసెంబర్ 14న ఢాకాలో గవర్నర్ భవనం మీద రాకెట్లు వేసిన 28 స్క్వాడ్రన్ మిగ్‌లూ ఇవే. చిన్నాయన చేతులు పడ్డవీ ఇవే.

అతికించడం గురించి ఎక్కువ చెప్పను, అది ఓపిక ఉంటే అయ్యే పనే. ఒకటి మాత్రం కొత్తవాళ్ళు తెలుసుకోవాలి. ఈ మోడల్ సిమెంట్ మామూలు జిగురులా మధ్యలో పొరై కూర్చోదు, ప్లాస్టిక్‌నే కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది. అందుకే పల్చటి సిమెంట్‌ని బ్రష్‌తో అతుకు అంచుకి తాకిస్తే చాలు, సందులోకి అదే పాకిపోతుంది. ఎక్కువైతే కరిగిన ప్లాస్టిక్ మీద వేలిముద్ర పడుతుంది, వెండి రంగు కింద ఆ ముద్ర స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి, బరువు. ముక్కులో బరువు పెట్టకపోతే ఈ మోడల్ మూడు చక్రాల మీద నిలబడదు, తోక మీద కూలబడుతుంది. సీసం కోసం రెండు దుకాణాలు తిరిగాను, దొరకలేదు. చివరికి పానగల్లు దగ్గర ఉదయసముద్రంలో చేపలు పట్టే ఒకాయన పాత విసురువల అంచు నుంచి నాలుగు సీసపు గుండ్లు తెంపి ఇచ్చాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. వాటిని సుత్తితో కొంచెం చదును చేసి, గాలి పోయే మూతి మధ్యలో ఉండే కోను లోపలా దాని వెనకా ఇరికించాను. అసలు విమానంలో ఆ కోనులో రాడార్ ఉంటుంది. నా దాంట్లో ఉదయసముద్రం వల గుండ్లు ఉన్నాయి.

అతుకుల మీద లప్పం పెట్టి, కార్లకు రంగులేసే షాపులో దొరికే వాటర్ పేపర్‌తో తడిపి రుద్దాను, గరుకైన 400 నంబరు నుంచి మొదలుపెట్టి నున్నటి 1500 దాకా. వేరే రంగు అయితే ఇంత అక్కర్లేదు. వెండి రంగు గీతను గానీ గుంటను గానీ దాచదు, ఉన్నదాన్ని ఇంకా ఎత్తి చూపిస్తుంది. మంచి లోహపు మెరుపు రావాలంటే కింద నున్నటి నలుపు పడాలి, అద్దంలా మొహం కనబడే నలుపు. అసలు కష్టమంతా ఆ నలుపుతోనే.

మొదటిసారి మధ్యాహ్నం రెండింటికి వేశాను. బయట నలభై దాటిన ఎండ, లోపల కూలర్. గాలితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్‌లోంచి రంగు చుక్కలు మోడల్‌ని చేరేలోపే దారిలో ఎండిపోయి పొడిలా పడ్డాయి, వేలితో తాకితే గరుకు కాగితమే. సూది కొస మీద రంగు గడ్డకట్టి మధ్యమధ్యలో పెద్ద బొట్లు ఉమ్మింది. దానికి తోడు కూలర్ గాలికి లేచిన దుమ్మంతా తడి నలుపు మీద వాలింది. ఒక రెక్క మీద దూది పోగు ఒకటి, వెంట్రుకంత, అడ్డంగా అతుక్కుని ఎండిపోయింది. మొత్తం రుద్దేశాను. రెండోసారి రాత్రి వేశాను, లైటుకు చిన్న పురుగులు వచ్చాయి. మళ్ళీ రుద్దాను. రెండు రోజులు ఆ బల్ల దగ్గరికి పోలేదు, నిజంగా బాధేసింది.

దారి చూపింది అమ్మ. పొద్దున్నే వాకిట్లో సాన్పి చల్లుతుంటే చూశాను, చల్లిన చోట దుమ్ము లేవడం లేదు. మర్నాడు నాలుగున్నరకే లేచి గది నేలంతా నీళ్ళు చల్లాను, కూలర్, ఫ్యాన్ రెండూ ఆపాను, అరగంట ఆగాను. టిప్పర్లు ఇంకా మొదలు కాలేదు, గాలి లేదు, గది కొంచెం చల్లగా ఉంది. రంగులో రెండు చుక్కలు రిటార్డర్ వేశాను, అంటే రంగు త్వరగా ఆరకుండా ఆపే ద్రవం. మోడల్‌కి ఇంకాస్త దగ్గరగా, పల్చగా మూడు సార్లు కొట్టి, వెంటనే పైన ప్లాస్టిక్ డబ్బా బోర్లించాను. సాయంత్రం డబ్బా తీస్తే తోక మీద మా కిటికీ ఊచలు కనిపించాయి. చిన్నాయన్ని పిలిచి మరీ చూపించాను.

ఆ నలుపు మీద వెండి రంగు రెండు పల్చటి పూతలకే నిండుగా పట్టింది. కొన్ని పలకలకు టేపు వేసి కొంచెం ముదురు వెండి వేశాను, తోక చివర ఇంజిన్ వేడి తగిలే చోట ఇంకా ముదురు. కోను, తోక పైకొస ఆకుపచ్చ. అది అలంకారం కోసం పెట్టిన రంగు కాదు, వాటి వెనక రాడార్, రేడియో ఏరియళ్ళు ఉంటాయి కాబట్టి ఆ భాగాలు లోహంతో చేయరు, లోహమైతే తరంగాలు దాటలేవు.

ఇంక నీళ్ళ సంగతి. రెక్కల మీద మన గుండ్రటి గుర్తులు, బయట కాషాయం, మధ్యలో తెలుపు, లోపల ఆకుపచ్చ, ఇవన్నీ డెకాల్స్‌గా వస్తాయి. నీళ్ళలో నానబెట్టి కాగితం మీంచి మోడల్ మీదికి జార్చాలి. బోరు నీళ్ళలో నానబెట్టాను. మర్నాటికి ప్రతి గుర్తు చుట్టూ తెల్లటి ఉంగరంలా మరక, మా ఇంటి నల్లా మూతి మీద పేరుకునే తెల్లటి చార ఉంటుందే, సరిగ్గా అదే. నల్లగొండ నీళ్ళు అనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది, దానివల్ల మా జిల్లా ఎంత నలిగిందో ఇక్కడ పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కానీ ఈ మరక దానిది కాదు, కఠిన జలంలోని సున్నపు లవణాలది, నీళ్ళు ఆవిరైపోతే అవి అక్కడే మిగిలిపోతాయి. బ్యాటరీల షాపుకు పోయి డిస్టిల్డ్ వాటర్ సీసా కొన్నాను. అందులో కొంచెం వెనిగర్ కలిపి, ఇయర్ బడ్ తడిపి, నొక్కకుండా ఒక్కో ఉంగరం చుట్టూ తిప్పి తుడిచాను, తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మళ్ళీ. అంతా పోయింది, ఎడమ రెక్క కింద ఒక్క చోట నీడలా మిగిలింది, ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి కనిపిస్తుంది. మన ప్రాంతంలో ఎవరు డెకాల్స్ వేసినా, రంగులో నీళ్ళు కలిపినా, బోరు నీళ్ళు మాత్రం వద్దు. ఆ సీసా ధర కిట్ ధర ముందు ఎంత!

కాక్‌పిట్ మీది అద్దానికి ఫెవికాల్ వాడాను. ఫెవిక్విక్ లాంటివి వాడితే వాటి ఆవిరికి అద్దం లోపల తెల్లటి పొగ పట్టేస్తుంది, అది పోదు.

ఆఖరుది ముక్కు ముందు పొడవుగా ఉండే గొట్టం, పిటో. విమానం ఎంత వేగంతో పోతోందో దానిలోకి కొట్టే గాలి ఒత్తిడిని బట్టే తెలుస్తుంది. ఎఫ్ఎల్‌లో అది మూతికి పైన ఉంటుంది, అంతకు ముందరి ఎఫ్-13 రకంలో కిందుండేది. కిట్‌లో వచ్చిన ప్లాస్టిక్‌ది మొదటి వారమే చెయ్యి తగిలి విరిగింది. కొత్త సిరంజి సూది మొన కత్తిరించి, అరగదీసి, దాని బదులు పెట్టాను. ప్లాస్టిక్ కంటే సన్నగా, నిటారుగా, కొసన నిజంగానే రంధ్రంతో.

చిన్నాయన కళ్ళద్దాలు పెట్టుకుని మోడల్‌ని కిటికీ దగ్గరికి పట్టుకుపోయి చాలాసేపు చూశాడు. కడుపు కింద తుపాకీ ఉండే గన్ పాడ్‌ని చూసి తల ఊపాడు. సూది దగ్గర ఆగాడు.

"దీనికి కవర్ ఏది?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "కింద నిలబెట్టినంక పిటోకు కవర్ లేకుంటే కందిరీగలు లోపల మట్టి పెడ్తయి బిడ్డా. లోపల మూసుకుపోతే పైకి పోయినంక స్పీడు తప్పు చూపిస్తది. అందుకే ఎర్ర కవర్ వేస్తం, పొడుగు పట్టీ వేలాడదీస్తం, తియ్యకుండ ఎవ్వరూ ఎగరొద్దని."

లోపలికి పోయి అమ్మ కుట్టుమిషన్ డబ్బాలోంచి ఎర్ర గుడ్డ పేలిక ఒకటి తెచ్చాడు. చెయ్యి కొంచెం వణుకుతుంది ఆయనకు ఈ మధ్య. అయినా నన్ను ముట్టుకోనివ్వలేదు, అగ్గిపుల్ల అంత వెడల్పు కత్తిరించి, సూది కొసకు తొడిగి, ఒక్క చుక్క ఫెవికాల్‌తో అంటించి, పట్టీ కిందికి వేలాడేలా సరిచేశాడు. తర్వాత మోడల్‌ని తనే అల్మారాలో పెట్టి అద్దం తలుపు వేశాడు, దుమ్ము లోపలికి పోకుండా రెండుసార్లు నొక్కి చూశాడు.