స్నోబాల్ శాంప్లింగ్ నాకు అర్థమైన రోజు

యూజీసీ నెట్ (కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష) సోషియాలజీకి చదువుతున్న మిత్రులకు నమస్తే. మొదటి అటెంప్ట్‌లో స్నోబాల్ శాంప్లింగ్ (ఒకరి ద్వారా ఇంకొకరిని పట్టుకుంటూ పోయే సర్వే పద్ధతి) ప్రశ్నకు పర్పసివ్ అని పెట్టి వచ్చాను. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి పోయింది రెండు మార్కులే. అయినా సిగ్గేసింది, ఎంఏ ప్రాజెక్టులో నేను చేసింది ఆ పద్ధతే మరి!

హైదరాబాద్‌లో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల మీద ప్రాజెక్టు అది. వాళ్ల జాబితా నాకెక్కడా దొరకలేదు. జాబితా లేనప్పుడు లాటరీ దేన్నుంచి తీస్తాం? హాస్టల్ పక్క అపార్ట్‌మెంట్‌లో పనిచేసే ఒకావిడతో మొదలుపెట్టాను. ఆవిడ తన వదినను చూపించింది, వదిన ఇంకొకరిని. రెండు వారాల్లో పన్నెండు మంది. నాకు ఒకటే సంబరం. పన్నెండో ఆమె చాయ్ గ్లాసు చేతికిస్తూ, "ఏమ్మా, ఇంత పట్నంల మా ఊరోళ్లే దొరికిండ్రా నీకు?" అంది. నోట్‌బుక్ తిరగేస్తే పది మంది పాలమూరు వైపు వాళ్లే, సగం మంది చుట్టాలు.

పుస్తకాల్లో సెలెక్షన్ బయాస్ అనేది ఇదే. అందుకే ఈ ఫలితాలను మొత్తం జనాభాకు వర్తింపజేయలేం. పర్పసివ్‌లో మనిషిని ఎంచుకునేది మనం. ఇక్కడ తర్వాతి మనిషిని చూపించేది ముందు మాట్లాడిన మనిషి. నేను తికమకపడింది ఇక్కడే.

పేర్లు కూడా గుర్తుపెట్టుకోండి. 1961లో గుడ్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్త రాసిన స్నోబాల్ నిజానికి ర్యాండమ్ శాంపిల్‌తో, అంటే లాటరీలా తీసిన మనుషులతో మొదలవుతుంది. మన పుస్తకాల్లో మాత్రం నాన్-ప్రాబబిలిటీ (లాటరీ లేని పద్ధతులు) కిందే ఉంటుంది, పరీక్షలో అదే పెట్టండి. 1997లో హెక్కథార్న్ అనే సోషియాలజిస్ట్ స్నోబాల్‌ను సరిదిద్ది రెస్పాండెంట్ డ్రివెన్ శాంప్లింగ్ తెచ్చాడు. అందులో తెలిసినవాళ్లకు పంచమని ఒక్కొక్కరికీ కొన్ని కూపన్లే ఇస్తారు, పరిచయాలు ఎక్కువున్న ఒక్కరే అందరినీ తీసుకురాకుండా. ఎవరికి ఎంతమంది తెలుసో అడిగి, దాన్నిబట్టి లెక్క సరిచేస్తారు.

పేపర్ 1లో రీసెర్చ్ ఎథిక్స్ ఉంది కదా, దానికీ ఇది పనికొస్తుంది. మొదట్లో నేను అడిగినవాళ్ల దగ్గరల్లా తెలిసినవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకున్నాను. అది తప్పని గైడ్ మందలించారు: ఆ నంబర్ల వాళ్లను ఎవరడిగారు? వేరే బస్తీల నుంచి కూడా మొదలుపెట్టమన్నారు. ఆ తర్వాత నా నంబరే చీటీల మీద రాసిచ్చాను, ఇష్టమైతే వాళ్లే చేస్తారని. ఐదు చీటీలకు ఒక్క ఫోన్ వచ్చింది. ఆమెది పాలమూరు కాదు.