బల్లార్షాలో దిగితే బల్లార్‌పూర్

చిన్నప్పుడు ఇవి రెండు వేర్వేరు ఊళ్లనుకునేవాణ్ణి. రైలు దిగేది మహారాష్ట్రలోని బల్లార్షాలో, మేనమామ ఉండేది బల్లార్‌పూర్‌లో. మధ్యలో ఇంకో బస్సు ఎక్కాలేమోనని బెంగ!

మొన్న పెళ్లికి వెళ్తే మామయ్య వార్ధా నది ఒడ్డున ఉన్న కోటకు తీసుకెళ్లాడు. రెండు పేర్లూ ఒక్క మనిషివేనట. పదిహేనో శతాబ్దపు గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్ షా. ఆయన ఒళ్లంతా కురుపులు. చోటు మారితే నయమవుతుందని రాణి పట్టుబడితే, సిర్పూరు వదిలి ఇక్కడ కోట కట్టించాడని చెబుతారు. మన సిర్పూరే! సలహా రాణిది, పేరు మాత్రం రాజుది. ఇది నాకు నచ్చలేదు, మామయ్యతో అన్నాను కూడా. తమాషా ఏమిటంటే కురుపులు తగ్గింది ఇక్కడ కాదు. వేటకు వెళ్లి, ఝర్పట్ వాగు మడుగులో నీళ్లు తాగి ముఖం కడుక్కున్నాకనట. ఆ దగ్గరలోనే చంద్రపూర్ వెలిసిందని కథ.

బొగ్గు గనిలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన మామయ్య ఈ కోటకు రావడం ఇది రెండోసారట. ముళ్లపొదల్లో నా చెప్పు తెగింది. స్టేషన్ దాకా ఒంటి చెప్పుతోనే నడిచాను.