గ్రెనడా నుంచి ట్రినిడాడ్‌కు: రాత్రంతా తూర్పుకే ముక్కు

జూన్ దాటిందంటే కరీబియన్‌లో పడవ మీద కాపురం చేసేవాళ్ల మధ్య ఒకటే చర్చ, తుపాన్ల కాలం ఎక్కడ గడపాలని. గ్రెనడా చాలామందికి సరిపోతుంది కానీ 2004లో ఐవాన్, 2024 జులై 1న పక్కనే ఉన్న కరియాకూ మీద బెరిల్ ఏం చేశాయో చూశాక మా ఇద్దరికీ ఇంకో 80 నాటికల్ మైళ్లు దక్షిణానికి దిగితేనే నిద్ర పడుతుందనిపించింది. పైగా పడవ అడుగు గీకి రంగు వేయించాలి. ఆ పనికి ట్రినిడాడ్‌లోని చాగ్వారామస్‌ను మించిన చోటు ఈ చుట్టుపక్కల లేదు.

దూరం 80 మైళ్లు, మా వేగం ఆరు నాట్ల లోపు (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). అంటే పదమూడు, పద్నాలుగు గంటలు. పొద్దున బయల్దేరితే చీకట్లో చేరతాం, అది వద్దు. సాయంత్రం లంగరెత్తితే తెల్లారాక దిగొచ్చు. వారం మధ్యలోనే వెళ్లాలి కూడా, ఆఫీసు వేళలు దాటినా, శని ఆదివారాలైనా కస్టమ్స్‌వాళ్లకు ఓవర్‌టైం కట్టాలి.

ఈ దారిలో భయపడాల్సింది గాలికి కాదు, ప్రవాహానికి. అట్లాంటిక్ నీళ్లు ఈ రెండు దీవుల మధ్య సందులోంచి పడమటికి తోసుకుపోతుంటాయి, ఒకటి నుంచి రెండు నాట్ల దాకా. మ్యాప్‌లో గీత గీస్తే 174 డిగ్రీలు, దాదాపు నేరుగా దక్షిణం. ఆ గీతనే నమ్ముకుని ముక్కు అటు పెట్టి నిద్రపోతే తెల్లారేసరికి వెనిజులా పరియా ద్వీపకల్పం వైపు తేలతారు. అక్కణ్ణుంచి గాలికీ నీటికీ ఎదురీది వెనక్కి రావడం నరకం. అందుకని మొదటి సగమంతా ముక్కు కాస్త తూర్పుకు తిప్పి 155–160 డిగ్రీల మధ్య పెట్టాం. తూర్పు గాలి 16 నాట్లు ఉన్నంతసేపూ అది సాధ్యమే. అర్ధరాత్రి దాటాక గాలి తిరిగి ఆగ్నేయం నుంచి వీస్తే తూర్పుకు జరుగుదామన్నా కుదరదు. తూర్పును ముందే సంపాదించి పెట్టుకోవాలి, తర్వాత తీరిగ్గా ఖర్చు పెట్టుకోవచ్చు.

బయల్దేరేముందు చేసిన పనులు: గ్రెనడాలో మేం లంగరేసిన ప్రిక్లీ బేలోనే ఎగ్జిట్ ముద్రలు. డింగీని (ఒడ్డుకు వెళ్లే చిన్న పడవ) పైకెత్తి డెక్ మీద కట్టేయడం, మోటారు విడిగా. ముందు నుంచి వెనక్కి జాక్‌లైన్లు, అంటే మన నడుముకు కట్టుకున్న టెథర్ తాడు తగిలించుకునే పట్టీలు. ట్రినిడాడ్ కోస్ట్ గార్డ్‌కు మా పడవ పేరు, రంగు, దారి, వేళలు రాసిన ఫ్లోట్ ప్లాన్ ఈమెయిల్. 2015 చివర్లో ఈ దారిలో పడవల మీద దాడులు జరిగినప్పటి నుంచి ఇలా చెప్పి వెళ్లడం అందరికీ అలవాటైంది. వంటంతా ముందే: చింతపండు పులిహోర డబ్బాలో, ఫ్లాస్కులో అల్లం టీ. పడవ ఒరిగి ఊగుతుంటే స్టవ్ ముట్టించే ఓపిక నాకు లేదు. పులిహోరైతే చల్లారినా రుచే, చెంచా చాలు.

అయిదున్నరకు లంగరెత్తాం. ప్రిక్లీ బే బయట పోర్‌పాయిసెస్ అనే రాళ్లున్నాయి, నీటికి కాస్త పైన మాత్రమే కనిపిస్తాయి. వాటిని వెలుతురుండగానే దాటాలి. దాటాక మెయిన్ తెరచాపకు ఒక రీఫ్ కట్టేశాం, అంటే ఒక మడత కుదించాం. వేగం కాస్త తగ్గినా సరే, చీకటి పడ్డాక ఒక్కళ్లే కాక్‌పిట్‌లో (పడవ నడిపే చోటు) ఉన్నప్పుడు తెరచాప కుదించే పని రాకూడదని మా నియమం. ఒంటరిగా వాచ్‌లో (కాపలా వంతు) ఉన్నవాళ్లు కాక్‌పిట్ దాటకూడదు, టెథర్ ఊడదీయకూడదు అన్నవి మిగతా రెండు.

వాచ్‌లు మూడేసి గంటలు. మొదటిది మా ఆయనది, తొమ్మిదికి నాది. నేను పైకొచ్చేసరికి జ్యేష్ఠ ఎర్రగా ముందు తెరచాప అంచు పక్కన, దాని కింద మూల కొక్కెంలా వంగి ఉన్నాయి. దక్షిణానికి పోయే పడవలో జులై రాత్రి వృశ్చికం ఎదురుగానే ఉంటుంది. దిక్సూచి వంక మాటిమాటికీ చూడకుండా జ్యేష్ఠను ముందు తెరచాప తాడుకు కాస్త కుడివైపున ఉంచుకుంటే చాలు, ఓ గంట సేపు. ఆ తర్వాత అది పడమటికి జరుగుతుంది, నమ్మకూడదు. బహుళ చవితి చంద్రుడు పది ప్రాంతంలో లేచాక అలల వీపులు కనిపించాయి, ఒళ్లు కుదుటపడింది.

చుక్కానిని దానంతటదే తిప్పే ఆటోపైలట్ ఒక్కటే పని చేయనని మొరాయించింది. చుక్కానికి సర్గాసం నాచు చుట్టుకుని బరువెక్కితే కరెంటు అయిదు ఆంప్స్ నుంచి తొమ్మిదికి ఎగబాకింది. పడవను గాలికెదురు తిప్పి ఆపి, వెనక్కి కాస్త జారనిస్తే పాయలు పాయలుగా వదిలింది. బ్యాటరీలో రాత్రి మొత్తానికి 110 ఆంప్ అవర్లు పోయాయి: ఆటోపైలట్, రాడార్, చుట్టుపక్కల ఓడల్ని చూపే ఏఐఎస్, ఫ్రిజ్, లైట్లు అన్నీ కలిపి.

అర్ధరాత్రికి ముందే దక్షిణాన ఊరు తగలబడుతున్నట్టు వెలుగు. అది సముద్రం మధ్యలో గ్యాస్ తీసే హైబిస్కస్ ప్లాట్‌ఫాం. "ఏవండీ, లేవండి, మీ వంతు" అని లేపితే మా ఆయన బయటికి తొంగిచూసి "అప్పుడే తెల్లారిందా!" అన్నారు. దాన్ని కుడివైపు వదిలి రెండు మైళ్ల దూరంలో దాటాం. ఆ కాంతికి కళ్లు చెదిరి చుట్టుపక్కల దీపాల్లేని పడవలేవీ కనబడవు, రాడార్ మీదే చూపు పెట్టాలి. అప్పటికి మా గీతకు నాలుగు మైళ్లు తూర్పున ఉన్నాం. ఊహించినట్టే మూడింటికి గాలి ఆగ్నేయానికి తిరిగింది. కృత్తికలు తూర్పున పైకొస్తుంటే జమా చేసిన ఆ నాలుగు మైళ్లూ ఖర్చు పెట్టడం మొదలుపెట్టాం.

ఆరింటికి ట్రినిడాడ్ ఉత్తరపు కొండలు, నల్లగా, తల మీద మబ్బుతో. చాగ్వారామస్‌కు దారి బోకా డి మోనోస్ ఇరుకైన సందు, లోపలున్న గల్ఫ్ ఆఫ్ పరియా నీళ్లు చాలాసార్లు బయటికే తోస్తుంటాయి కనుక ఆటు సమయంలో దూరకండి. మేం పోటుకు సరిగ్గా అందుకుని ఇంజిన్ వేశాం. నీలం నీళ్లు పోయి ఆకుపచ్చ, ఆపైన గోధుమ రంగు. వానాకాలంలో ఒరినోకో నది మట్టి ఇక్కడిదాకా వస్తుంది. వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో తీరంలోని నార్త్ పోస్ట్ రేడియో కేంద్రాన్ని పిలిచి వచ్చామని చెప్పి, ఇంకా కస్టమ్స్ తనిఖీ కాలేదని తెలిపే పసుపు జెండా ఎగరేసి, ఎనిమిదికి ముందే క్రూస్ ఇన్ మెరీనా దగ్గర కస్టమ్స్ గట్టుకు తాళ్లు విసిరాం.

కాగితాల పని ఎక్కువే, కార్బన్ కాపీలతో సహా. నల్లసిరా పెన్ను, పడవ పత్రాలకు నాలుగేసి జిరాక్సులు పట్టుకెళ్లండి. అయ్యాక గేటు బయట డబుల్స్ బండి: రెండు మెత్తని బారాలు (నూనెలో వేయించిన రొట్టెలు), మధ్యలో శనగల కూర. "స్లైట్ పెప్పర్?" అని అడుగుతారు. గుంటూరు కారం తిన్న ధీమాతో "ఫుల్" అనకండి, ఆ మిరపకాయ వేరే జాతి.

తిరుగు ప్రయాణం నవంబరు తర్వాత. అప్పుడు ఇదే ప్రవాహం ఇంకా ఇబ్బంది పెడుతుంది. గాలి ఈశాన్యం నుంచి వీస్తే బోకా నుంచి నేరుగా ఉత్తరానికి పోవడం దండగ, ముందు తీరం వెంబడి తూర్పుకు మరాకస్ బే దాకా ఇంజిన్ మీద వెళ్లి అక్కడి నుంచి తెరచాపలెత్తాలని అనుకుంటున్నాం. అందుకు డీజిల్ గంటకు మూడు లీటర్ల లెక్కన అదనంగా 20 లీటర్లు డబ్బాల్లో పెట్టుకోవాలి.