లద్దాఖ్ దారిలో మమ్మల్ని నిలబెట్టిన ఫాస్టాగ్

2025 జూన్ మొదటి వారంలో మా కొత్త డీజిల్ ఎస్‌యూవీలో హైదరాబాద్ నుంచి బయలుదేరి, 44వ జాతీయ రహదారి మీదుగా శ్రీనగర్ చేరి, అక్కడి నుంచి జోజిలా కనుమ, కార్గిల్ దాటి లేహ్ చూసి, మనాలి మీదుగా తిరిగివచ్చాం. నేను, నా భార్య, ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి, ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరైన మా మామగారు కలిసి వెళ్లాం. ఫొటోలు చూసినవాళ్లందరూ ఖార్దుంగ్ లా కనుమ ఎలా ఎక్కారు, ఊపిరి ఆడిందా అని అడుగుతున్నారు. బండి కండిషన్లో ఉండి, మనిషికి తొందర లేకపోతే కొండలు ఎక్కడం పెద్ద విద్య కాదు. నన్ను అందరి ముందూ తలదించుకునేలా చేసింది టోల్ రుసుము కట్టడానికి ముందు అద్దానికి అంటించిన ఫాస్టాగ్. ఆ కోపం చల్లారకముందే, ఇదే దారిలో వెళ్లబోయేవాళ్లకు పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

బయలుదేరే ముందు చేసుకున్న ఏర్పాట్లలో చెప్పుకోదగ్గవి తక్కువే. సర్వీసింగ్ చేయించి, స్టెప్నీలో గాలి చూసి, బీఎస్-6 డీజిల్ బండి కాబట్టి పొగను శుద్ధి చేసే యాడ్‌బ్లూ ద్రవం డబ్బా ఒకటి డిక్కీలో పెట్టుకున్నాం. ఏప్రిల్‌లో కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రదాడి జరిగినందువల్ల బంధువులు వద్దంటే వద్దన్నారు గాని, మామగారు ఒక్క మాటతో వాళ్ల నోళ్లు మూయించారు. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లోనూ లద్దాఖ్‌లోనూ పనిచేయవని తెలుసు కనుక నా భార్య పేరున పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ తీసుకున్నాం. నా నంబరు ప్రీపెయిడ్‌గానే ఉంది, బ్యాంకుకు ఇచ్చింది కూడా అదే నంబరు. ఈ సంగతి తర్వాత కథలోకి వస్తుంది.

మొదటి రోజు కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ దాటి, పెన్‌గంగ మీద వంతెన ఎక్కి మహారాష్ట్రలో ప్రవేశించి, పాండర్‌కవడా, హింగన్‌ఘాట్ మీదుగా నాగపూర్ చేరి అక్కడే బస చేశాం. దారిలోని టోల్ గేట్లన్నీ చక్కగా తెరుచుకున్నాయి. మర్నాడు తెల్లవారుజామున పెంచ్ అడవి గుండా సాగిన రోడ్డు, ఈ మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన రోడ్లలో ఒకటి. జంతువులు కిందుగా దాటిపోయేందుకు రహదారినే ఎత్తుగా స్తంభాల మీద కట్టి, బండ్ల వెలుతురు, చప్పుడు అడవిలోకి పోకుండా ఇరుపక్కలా ఎత్తైన అడ్డుగోడలు పెట్టారు.

ఆ తర్వాత మధ్యప్రదేశ్‌లోని ఒక టోల్ గేటు దగ్గర మా బండి ఆగిపోయింది. ఎర్ర దీపం వెలిగింది, అడ్డుకర్ర లేవలేదు. ఒక కుర్రాడు చేతి మిషన్ తెచ్చి అద్దం మీద పెట్టి చూసి, 'బ్లాక్‌లిస్ట్' అని కేకేసి, బండిని వెనక్కి తీసి పక్కన పెట్టమన్నాడు. వెనక అప్పటికే లారీలు బారులు తీరాయి, ఒకటే హారన్లు. ఇంకొకడు వచ్చి అరచేత్తో బానెట్ మీద చరుస్తూ, ఇంత పెద్ద బండి కొన్నవాడికి ట్యాగులో నాలుగు డబ్బులు వేసుకోవడానికి లేవా అని హిందీలో అందరికీ వినపడేలా అన్నాడు. ట్యాగులో అప్పటికి వేల రూపాయలున్నాయి. ఫోన్ తెరిచి చూపిస్తే ఆ తెర వంక కన్నెత్తి చూసినవాడు లేడు. చివరికి మామగారే దిగి, డిపోలో బస్సులు వెనక్కి పెట్టించే పద్ధతిలో ఈల వేస్తూ, కుడిచేత్తో సైగ చేస్తూ వెనకున్న లారీలను ఒక్కొక్కటిగా జరిపించి మా బండికి దారి చేశారు.

పక్కన పెట్టాక అసలు అవమానం మొదలైంది. సూపర్‌వైజర్ అనే ఆయన వచ్చి నంబరు ప్లేటు చూసి, తెలంగాణ బండి అయితే టీఎస్ ఉండాలి గాని ఈ టీజీ ఏమిటి, ప్లేటు నకిలీదా అని అడిగాడు. 2024 మార్చి నుంచి తెలంగాణలో కొత్త బండ్లకు టీజీ కోడే ఇస్తున్నారని, పాత బండ్లకు మాత్రం టీఎస్ అలాగే ఉందని నా హైదరాబాదీ హిందీలో విడమరచి చెప్పాను. ఆయన నా హిందీకి నవ్వాడే తప్ప నా మాట నమ్మలేదు. పెట్రోలింగ్ జీపును పిలిపించాడు. నా భార్య, కొడుకు ఎండలో నిలబడి చూస్తుండగా, దొంగబండితో దొరికినవాడిలా డిజీలాకర్‌లో ఉన్న ఆర్సీ, ఇన్సూరెన్సు, లైసెన్సు ఒక్కొక్కటే తెరిచి చూపించాల్సి వచ్చింది. పోలీసాయన మర్యాదస్తుడు. ఫోన్‌లో బండి నంబరు కొట్టి నా పేరు రావడం చూసి, బండి సరైనదేనని చెప్పి వెళ్లిపోయాడు. సూపర్‌వైజర్ నోటి నుంచి మాత్రం క్షమాపణ అన్న మాట రాలేదు. ఒక రాష్ట్రం తన కోడ్ మార్చుకుని ఏడాది దాటినా, దేశంలో బండ్ల నంబర్లు చూడటమే ఉద్యోగంగా ఉన్నవాడికి ఆ సంగతి తెలియకపోవడాన్ని నేను అమాయకత్వం అనుకోలేను.

ట్యాగు సరిగ్గా ఉండి, డబ్బుండి, టోల్ గేటు యంత్రం చదవలేకపోతే బండిని ఉచితంగా వదలాలని 2018లో చేసిన నిబంధన ఒకటి ఉంది. దానిని పట్టుకుని వాదించాను. ట్యాగు చెల్లుబాటులో ఉంటేనే అది వర్తిస్తుందని, బ్లాక్‌లిస్టులో ఉన్నదానికి వర్తించదని సూపర్‌వైజర్ అన్నాడు. ఆ ఒక్క మాట సరైనదే కాబట్టి నగదు రూపంలో రెట్టింపు రుసుము కట్టి రసీదు తీసుకున్నాను.

ట్యాగు ఎందుకు బ్లాక్‌లిస్టు అయిందో చెప్పాలంటే ఫిబ్రవరికి వెళ్లాలి. బండి కొన్నప్పుడు పర్మనెంట్ నంబరు ఇంకా రాలేదు కనుక షోరూమువాళ్లు ఛాసిస్ నంబరు మీద ట్యాగు ఇప్పించారు. బండి కొన్న 90 రోజుల్లోపు పర్మనెంట్ నంబరును బ్యాంకు దగ్గర నమోదు చేయించాలి. చేయించకపోతే ముందు హాట్‌లిస్టు అనే జాబితాలో పెడతారు, మరో 30 రోజులు చూసి బ్లాక్‌లిస్టులో వేస్తారు. ఆర్సీ కార్డు ఇంటికి వచ్చిన వారంలోనే రెండు వైపులా ఫొటో తీసి బ్యాంకు యాప్‌లో పెట్టాను. వివరాలు సరిపోలడం లేదని తిప్పిపంపారు. మళ్లీ పెడితే మళ్లీ అదే జవాబు. ఏ వివరం సరిపోలలేదో ఎవరూ చెప్పలేదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది సార్, అంతవరకూ మీ ట్యాగు పనిచేస్తుంది అని తియ్యగా చెప్పారు. నాగపూర్ దాకా పనిచేసింది కూడా.

ఆ రోజు నుంచి సాగర్, లలిత్‌పూర్, ఝాన్సీ, గ్వాలియర్ దారంతా నేను బండి నడిపింది తక్కువ, ఫోన్ పట్టుకుని కూర్చున్నది ఎక్కువ. స్టీరింగు మామగారికి అప్పగించాను. ఫోన్ చేసిన ప్రతిసారీ కొత్త మనిషి పలుకుతాడు, కథ మొదటి నుంచి చెప్పించుకుంటాడు, ఫిర్యాదు నంబరు ఒకటి ఇచ్చి పెట్టేస్తాడు. ఇలా కాదని ఒక టోల్ గేటు పక్కన వేరే బ్యాంకు ట్యాగులు అమ్మే కౌంటరులో కొత్తది అడిగాను. ఒక బండికి ఒకే ట్యాగు ఉండాలి, మీ ఛాసిస్ నంబరు మీద ఇప్పటికే ఒకటి ఉంది, పాతది మూయించుకుని రండి అన్నారు. పాత బ్యాంకును మూయమంటే, ఆర్సీ వివరాలు సరిపోలితే గాని మూయడం కుదరదన్నారు. హైవే సహాయ నంబరు 1033కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఓపికగా అంతా విని, బ్లాక్‌లిస్టు తీయాల్సింది ట్యాగు ఇచ్చిన బ్యాంకేనని చెప్పింది. ఈ ముగ్గురిలో అబద్ధమాడినవాళ్లు లేరు, బాధ్యత తీసుకున్నవాళ్లూ లేరు. ఆర్టీసీలో టిమ్ మిషన్ ఒక్క టికెట్ తప్పు కొడితే కండక్టరు లెక్క చెప్పేదాకా డిపో గేటు దాటనివ్వరని మామగారు అన్నారు. ఆయన ఉద్యోగకాలంలో ఒక్క ప్రమాదం కూడా చేయని మనిషి కాబట్టి ఆ మాట అనే హక్కు ఆయనకుంది.

మా భయమల్లా లఖన్‌పూర్ గురించే. పంజాబ్ దాటి అక్కడ జమ్మూ కశ్మీర్‌లో అడుగుపెడితే నా ప్రీపెయిడ్ సిమ్ మూగబోతుంది, ఓటీపీ రాదు, ఓటీపీ లేనిదే బ్యాంకు ఏ మార్పూ చేయదు. ఢిల్లీ ఊళ్లోకి పోకుండా పల్వల్ దగ్గర కేఎంపీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కి కుండ్లీ చేరి, అంబాలా దాటి పంజాబ్‌లో ప్రవేశించేసరికి రెట్టింపు రసీదులు గుట్టలా పేరుకున్నాయి.

పంజాబ్‌లో ఒక టోల్ గేటు అవతల గొడుగు కింద కూర్చుని ట్యాగులు అమ్ముతున్న ఒక కుర్రాడు మమ్మల్ని గట్టెక్కించాడు. కొత్త ట్యాగు అమ్మితే తనకు కమీషన్ వస్తుంది గాని, నా పరిస్థితి విని అమ్మే ప్రయత్నమే చేయలేదు. బ్యాంకు తిప్పిపంపిన మెయిల్ తెరవమన్నాడు. అందులో అభ్యర్థన వివరాల్లో ఉన్న బండి నంబరును ఒక చేతి వేలితోనూ, ఆర్సీ మీది నంబరును ఇంకో చేతి వేలితోనూ పట్టుకుని అక్షరం తర్వాత అక్షరం పోల్చాడు. రెండో అక్షరం దగ్గరే వేలు ఆగిపోయింది. నేను పంపిన ఆర్సీ ఫొటో చూసి బ్యాంకులో ఎవరో టీజీ బదులు టీఎస్ అని కొట్టారు. ఆ నంబరుతో బండ్ల రిజిస్ట్రేషన్లుండే ప్రభుత్వ వాహన్ రికార్డుల్లో వెతికితే బండే లేదు గనుక ప్రతిసారీ 'సరిపోలలేదు' అని వచ్చింది. నాలుగు నెలలుగా అంతమంది ఆఫీసరు గొంతులతో మాట్లాడినవాళ్లకు కనపడనిది ఇతనికి రెండు నిమిషాల్లో కనపడింది. ఫోన్‌లో ఏమనాలో కూడా అతనే నేర్పాడు: ఫిర్యాదు రాసుకోమని అడగవద్దు, లైన్‌లో ఉండగానే వాహన్‌లో నంబరు కొట్టి చూడమనండి, పేరు చదివి వినిపించేదాకా పెట్టవద్దు. అలాగే పట్టుబట్టాను. అవతలివాడు గొణుగుతూనే కొట్టి, నా పేరు చదివి, ఒక్క క్షణం ఆగి, సారీ సార్ అన్నాడు. పఠాన్‌కోట్‌లో భోజనం చేస్తుండగా ఓటీపీ వచ్చింది, మర్నాడు పొద్దున లఖన్‌పూర్ దగ్గర అడ్డుకర్ర దానంతటదే లేచింది. ఆ కుర్రాడు డబ్బు తీసుకోనంటే మామగారు సకినాల ప్యాకెట్ ఒకటి బలవంతంగా చేతిలో పెట్టారు.

మిగిలిన ప్రయాణం సుఖంగా సాగింది. 9 కిలోమీటర్లకు పైగా ఉన్న చెనాని–నాశ్రీ సొరంగం, ఎనిమిదిన్నర కిలోమీటర్ల బనిహాల్–కాజీగుండ్ సొరంగం దాటాక కశ్మీర్ లోయలో దిగాం. పర్యాటకులు లేక హోటళ్లు బోసిపోయి ఉన్నాయి, అడిగిన ధరకే గదులిచ్చారు, అక్కడివాళ్లు చూపిన ఆదరానికి లోటు లేదు. జోజిలా మీద మాత్రం రోడ్డు బురదగా, ఇరుకుగా ఉండి మామగారు సైతం మాట్లాడకుండా నడిపారు. 4,108 మీటర్ల ఫోతు లా దాటి లేహ్ చేరాక రెండు రోజులు గదిలోనే పడుకున్నాం. 3,500 మీటర్ల ఎత్తులో ఊరు కాబట్టి ఆ విశ్రాంతి తప్పనిసరి. దిగిన రోజే ఊరు తిరుగుతానన్న మా అబ్బాయికి రాత్రంతా తలనొప్పి, వాంతులు. ముసలాయనకు ఏమీ కాలేదు. తిరుగు దారిలో కారూ అనే ఊళ్లో ట్యాంకు నింపుకుని తంగ్‌లాంగ్ లా, బారాలాచా లా ఎక్కి దిగి, అటల్ సొరంగం గుండా మనాలి చేరాం.

వెళ్లాలనుకునేవాళ్లు టైర్ల కంటే ముందు ట్యాగును చూసుకోండి. బండి నంబరు కొట్టి ట్యాగు స్థితి చూసే సదుపాయం, ఫాస్టాగ్ చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ వెబ్‌సైటులో ఉంది. అక్కడ మీ బండి నంబరు కాకుండా ఛాసిస్ నంబరు మీదే ట్యాగు ఉందని తేలితే ప్రయాణం వాయిదా వేసైనా సరిచేయించుకోండి. టీజీ బండి ఉన్నవాళ్లు బ్యాంకు పంపే ప్రతి సందేశంలో రెండో అక్షరం చదవండి. 2025 ఫిబ్రవరి 17 నుంచి వచ్చిన నిబంధన ప్రకారం, టోల్ గేటు చేరడానికి గంట ముందు నుంచే ట్యాగు బ్లాక్‌లిస్టులో ఉండి, చదివిన పది నిమిషాల తర్వాత కూడా అలాగే ఉంటే చెల్లింపు తిరస్కరిస్తారు. కాబట్టి గేటు ముందు నిలబడి రీఛార్జి చేద్దాంలే అనుకోవద్దు. కస్టమర్ కేర్‌లో ఎంత తియ్యగా మాట్లాడితే అంత అనుమానించండి, నా మటుకు నేను ఆ బ్యాంకులో ఖాతా కూడా మూసేస్తున్నాను.

రెట్టింపుగా కట్టిన మొత్తంలో అదనపు సగం తిరిగి ఇవ్వమని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాను. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు, నేను చేస్తాను. దానికి రసీదులన్నీ కావాలి. టోల్ రసీదులు థర్మల్ కాగితం మీద వస్తాయి, డ్యాష్‌బోర్డు మీద ఎండ తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి. గ్వాలియర్ దగ్గరివి రెండు అప్పుడే సగం మాసిపోయాయి కనుక, రసీదు చేతికి రాగానే ఫొటో తీసుకుని, ఇంటికి చేరగానే జిరాక్స్ తీయించి పెట్టుకోండి.